అతుకు కనబడాలా?

అతుకు కనబడితే మనవాళ్లకు నామోషీ. చిరిగిన పంచెకు కుట్టు వేయించినా, చిల్లుపడ్డ బిందెకు మాటు వేయించినా ముందు అడిగే మాట "పైకి తెలుస్తుందా?" అనే. తెలియకపోతే పనివాడు గట్టివాడు. తెలిస్తే సగం కూలి కోసేస్తాం. నచ్చని కథను "అతుకుల బొంత" అని అవతల పారేస్తాం. పెళ్లిచూపుల దగ్గర్నించి పద్యాల దాకా మనం మెచ్చుకునేది అతుకే లేనట్టు కనబడేదాన్ని.

ఒక్క గద్వాల చీర దగ్గర మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ రెండు జాతుల దారాలు. ఒకటి చెమట పీలుస్తుంది, ఒకటి వెలుగును తిప్పికొడుతుంది. నూలుకొక నాడె, పట్టుకొక నాడె. రెండు పేకలూ అంచు దగ్గర ఎదురొచ్చి ఒకదాన్నొకటి మెలేసుకుని మళ్లీ ఎవరి దారిన వాళ్లు వెనక్కి వెళ్లిపోతాయి. కుప్పడం నేత అంటారు దీన్ని. ఆ మెలిక ఎక్కడుందో దూరం నుంచి కూడా తెలుస్తుంది. తెలియాలనే నేస్తారు. అతుకు కనబడకుండా చేయమని గద్వాల మగ్గం దగ్గరకెళ్లి ఎవరైనా అడిగితే, పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు.

ఈ సంగతి నాకు ఇన్నేళ్లూ చీర సంగతిగానే తెలుసు. అది ధర్మసందేహం కూడా కావచ్చునని తోచింది మా చెల్లెలి కూతురి వల్ల.

వనపర్తి పిల్ల. హైదరాబాదులో, మాసాబ్‌టాంకు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో శిల్పం చదువుతోంది. ఆ యూనివర్సిటీ 2008లో ఏర్పడింది. అక్కడ చిత్రకళకొక శాఖ, శిల్పానికొక శాఖ, ఫొటోగ్రఫీకొకటి, యానిమేషన్‌కొకటి. మా పిల్ల చేరింది శిల్పంలో. ఉండడం మాత్రం ఎప్పుడూ యానిమేషన్ వాళ్ల గదిలో. "ఆడపిల్లకు మట్టి పిసుక్కునే చదువేమిట"ని మొదటి ఏడాది మొత్తుకున్న మా మరిది, కంప్యూటర్ దగ్గర కూర్చుంటోందని విని రెండో ఏడాదికి కాస్త మెత్తబడ్డాడు. చోటా భీం బొమ్మలు 2008 నుంచీ టీవీలో వస్తున్నాయనీ, అవి తయారైంది హైదరాబాదులోనేననీ ఎవరో చెప్పారట. కంప్యూటర్ అంటే ఉద్యోగం, మట్టి అంటే మట్టి!

శిల్పం చదువులో మొదట నేర్పేది అందం కాదుట, బరువు. ఇనపచువ్వలతో, తీగెతో లోపల ఒక ఎముకల గూడు కట్టి, దానిమీద మట్టి పెట్టాలి. గూడు సరిగ్గా కట్టకపోతే తెల్లారేసరికి బొమ్మ మెడ వాల్చేస్తుంది. రోజూ నీళ్లు చిలకరించి తడిగుడ్డ కప్పాలి. దసరాకు ఇంటికొచ్చి పదిరోజులుండి వెళ్లేసరికి, ఆమె చేసిన ముసలమ్మ తలకు ఒక చెవి నుంచి గదమ దాకా బీట ఇచ్చింది. ఫోనులో ఏడుస్తూ చెప్పింది. ముసలమ్మకు ఆ బీట బాగానే కుదిరిందేమో చూడమన్నాను. నవ్వలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది నాకు. మట్టిబొమ్మ పూర్తయ్యాక దానిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీస్తారు. అచ్చు విప్పేటప్పుడు లోపలి మట్టి ముక్కలైపోతుంది. అంటే నెలరోజులు తన వేళ్లతో చేసిన అసలు బొమ్మ పోతుంది. మిగిలేది అచ్చులో పోసిన నకలు. కంచు విగ్రహాలదీ అదే కథ. మైనపు బొమ్మ కరిగి కారిపోతేనే ఆ ఖాళీలోకి లోహం దిగుతుంది. కనక "చేత్తో చేసింది అసలు, యంత్రంలో చేసింది నకలు" అని మనం సభల్లో చెప్పే మాట శిల్పుల దగ్గర చెల్లదు. వాళ్లు వెయ్యేళ్లుగా అసలును చంపి నకలును బతికిస్తున్నవాళ్లే.

కంప్యూటర్లో బొమ్మ చేయడం వేరే లోకం. బ్లెండర్ అని ఒక సాఫ్ట్‌వేర్, డబ్బివ్వకుండానే దొరుకుతుంది. అందులో ఒక గుండ్రటి ముద్దతో మొదలుపెట్టి లాగచ్చు, నొక్కచ్చు, చెక్కచ్చు. ముద్ద ఎండదు. మెడ వాలదు. గాల్లో వదిలేస్తే గాల్లోనే ఉంటుంది. తప్పు చేస్తే కంట్రోలూ జెడ్డూ కలిపి నొక్కితే చాలు, ఆ తప్పు జరగనే లేదు!

"మట్టిల తప్పు జేస్తే అది నాతోనే ఉంటది పెద్దమ్మా. దాన్ని సరిజేసుకుంటనన్న పోవాలె, లేకుంటే గట్లనే ఉంచుకోనన్న పోవాలె. ఇండ్ల తప్పు ఉండనే ఉండదు. ఒక్కొక్కపారి మంచిగనిపిస్తది, ఒక్కొక్కపారి భయమైతది" అంది.

ఇరవయ్యేళ్ల పిల్లకు భయమెందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. అలంపురం వెళ్లాక అర్థమైంది.

మూడో ఏడు చివర వాళ్లొక చిన్న ప్రయోగం చేసి చూపించాలి. మనూళ్ల వైపు శిల్పం ఒకదాన్ని తీసుకుని, కంప్యూటర్లోకి ఎక్కించి, కదిలించి, మళ్లీ ఏదో ఒక పదార్థంలో చేసి చూపించడం ఆమె ఎంచుకున్న పని. అలంపురం మా వనపర్తికి దూరం కాదు. కర్నూలు రోడ్డు మీద అలంపురం చౌరస్తా దగ్గర దిగితే అక్కణ్నుంచి లోపలికి. తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మల గుళ్లు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించినవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. పేర్లన్నీ బ్రహ్మవి, లోపలున్నది మాత్రం శివుడు. ఇది మొదటిసారి విన్నవాళ్లంతా ఒకసారి ఆగి "అదెట్లా?" అంటారు. ఆగకండి, ముందుకు పదండి.

ఒక గుడి గోడ మీద గంధర్వ దంపతులున్నారు. ఆకాశంలో ఎగురుతున్నారు. రెక్కలేమీ లేవు. మోకాళ్లు వెనక్కి మడిచి, నడుము తిప్పి, పైబట్ట వెనక్కి తేల్చాడు శిల్పి. అంతే, పదమూడు వందల ఏళ్లుగా రాయి గాల్లో తేలుతోంది. అతని ముక్కు వానకు అరిగింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నించి లేదు. ఆమె ముఖం మాత్రం చెక్కు చెదరలేదు. ఆమె చూస్తున్నది ఆ లేని చేతివైపే.

మా పిల్ల ఫోనుతో ఆ జంటను ఒక పక్కనుంచి మొదలుపెట్టి అడుగడుగూ జరుగుతూ దగ్గర దగ్గర రెండువందల ఫొటోలు తీసింది. కంప్యూటర్ ఆ ఫొటోలన్నిట్లోనూ ఒకే చుక్క ఎక్కడెక్కడ ఉందో పోల్చుకుని, ఆ చుక్కలను త్రికోణాలుగా అల్లి, బొమ్మను నిలబెడుతుంది. చేపల వలను రాతిమీద కప్పినట్టుంటుంది చూడడానికి. ఫొటోకు అందని చోట, అంటే చంకల్లో, మెడ వెనక, వలకు చిల్లులు పడతాయి. ఆ చిల్లులకొక మీట ఉంది. నొక్కితే చుట్టుపక్కల నున్నదనాన్ని చూసి, మధ్యలో ఏముండి ఉంటుందో ఊహించి పూడ్చేస్తుంది. పైకి తెలియదు. మాటు వేసినవాడు గట్టివాడు!

చంకలో చిల్లు పూడ్చినందుకు ఎవరూ బాధపడరు. ముక్కు? ముక్కు కూడా నిలబెట్టింది. పక్క గోడమీది బొమ్మల ముక్కులు చూసి. ఆ తరవాత చెయ్యి వచ్చింది. ఆ చేతిలో ఏముండేది? ఇట్లాంటి గంధర్వుల చేతుల్లో పూలమాల ఉండడం రివాజే కాబట్టి మాల అనుకుందాం. మాల అయితే పట్టుకున్నాడా, విసురుతున్నాడా? ఆమెకిస్తున్నాడా, దేవుడి మీద వేస్తున్నాడా? ఒక్కొక్కదానికి ఆమె చూపు అర్థం మారిపోతుంది. ఆమెకిస్తుంటే అది వలపు. దేవుడి మీద వేస్తుంటే భక్తి. చెయ్యి వట్టిదే అయి వీడ్కోలు చెబుతుంటే? అట్లా ఎవరూ చెక్కరని మీరంటారు. నిజమే, కాని తెలియదు కదా.

మా పిల్ల మాల పెట్టింది, ఆమెకిస్తున్నట్టు. వయసు అటువంటిది.

వాళ్ల సారు చూసి ఒక్కటే ప్రశ్న వేశారట, "ఈ చెయ్యి నీకెవరిచ్చారు?" అని.

సెలవుల్లో మా అమ్మకు చూపించింది. అమ్మకు ఎనభై దాటాయి, చిన్నప్పటినుంచి శివరాత్రికి అలంపురం పోయిన మనిషి. కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఈ చెయ్యి యాడికెళ్లి వచ్చింది? విరిగి ఉండె గద" అంది.

"నేనే పెట్టిన అవ్వా."

"మంచి పని జేసినవ్ బిడ్డా. ఎన్నేండ్లసంది గట్లనే ఉండెనో పాపం."

పిల్ల నా దగ్గరకొచ్చి, "సారేమో ఎవరిచ్చిన్రు అన్నడు, అవ్వేమో మంచి పని జేసినవ్ అన్నది. నేనెవరి మాట ఇనాలె పెద్దమ్మా?" అని అడిగింది. నేను కాఫీ పెట్టుకొస్తానని లేచాను. వెంటనే చెప్పడానికి నా దగ్గరేమీ లేదు మరి.

తమాషా ఏమిటంటే, ఈ ప్రశ్నకు జవాబులు అలంపురంలోనే, ఒకదానికొకటి పొసగకుండా, పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. శ్రీశైలం డ్యాము నీళ్లు వెనక్కి తన్నుకొస్తాయని తెలిసినప్పుడు, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయీ రాయీ విప్పి, అంకెలు వేసి, తెచ్చి అలంపురంలో మళ్లీ పేర్చారు. పాపనాశి గుళ్లనూ అట్లాగే కదిలించారు. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్న సోమశిల గుళ్లూ, జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ అట్లా వలస వచ్చినవే. రాళ్లు అవే, నేల వేరు. సంగమేశ్వరుడు సంగమం దగ్గర లేడు. మరి అది ఆ గుడేనా? ప్రదక్షిణం చేసేవాళ్లను అడిగితే అవునంటారు. అవునేమో కూడా. కాని ఈ ఏళ్లలో పుట్టిన పిల్లలు ఆ గుడి మొదటినుంచీ అక్కడే ఉందనుకుంటారు. రాళ్లమీద వేసిన అంకెలు వాళ్లకెవరు చెబుతారు?

ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లూ ఎవరూ చెప్పరు. పాలమూరు కూలీలంటే దేశంలో డ్యాములు కట్టిన చేతులు. అన్ని ఊళ్ల ఆనకట్టలూ కట్టి, తమ ఊళ్లో తాగడానికి నీళ్లు లేక తిరిగిన మనుషులు. అది ఇంకో వ్యాసం.

జోగులాంబ సంగతి మరోరకం. పాత గుడి 14వ శతాబ్దంలో పోయింది. అమ్మవారు వందల ఏళ్లు బాలబ్రహ్మేశ్వరుడి గుళ్లో తలదాచుకుంది. ఇరవై ఏళ్ల కిందట కొత్త గుడి కట్టి అక్కడ ప్రతిష్ఠించారు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు గద్వాలకు ఆమె పేరే పెట్టారు. ఆ గుళ్లో ఏ రాయీ పాతది కాదు, అయినా ఎవరూ అబద్ధమనరు. చెయ్యి విరిగిన దేవత పూజకు పనికిరాదంటారు మనవాళ్లు. బతికున్న దేవతకు ఇల్లు కావాలి, ఇల్లు కట్టారు. మా అమ్మ "పాపం" అన్నది కూడా ఈ వరసలోదే. ఆమెకు ఆ గంధర్వుడు చరిత్ర కాదు, చెయ్యి లేని మనిషి.

సోమశిల నుంచి పడవెక్కితే అవతల ఇంకో సంగమేశ్వరం. దాన్ని ఎవరూ కదిలించలేదు. ఏటా నీళ్లలో మునుగుతుంది, ఎండాకాలం తేలుతుంది. తేలినప్పుడు జనం పడవల్లో వెళ్లి బురద కడిగి దీపం పెడతారు. ఉన్నన్నాళ్లు ఉంటుంది, లేనన్నాళ్లు లేదు. చూస్తే మూడింట్లోనూ నాకు ఎక్కువ నచ్చేది ఇదే. కాని నా ఇష్టం మీద గుళ్లు నడవవు కదా.

బయట ప్రపంచంలోనూ ఈ తగువు తెగలేదు. 1964లో వెనిస్‌లో పాత కట్టడాలవాళ్లు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. పోయిన భాగాన్ని తిరిగి పెడితే మిగతాదానితో కలిసిపోయేట్టు పెట్టండి, కాని ఇది కొత్తదని తెలిసిపోయేట్టు పెట్టండి, లేకపోతే సాక్ష్యాన్ని చెరిపినట్టవుతుంది అని దాని సారం. మన గద్వాల సాలెవాళ్లు చదివి ఉంటే "ఇందులో కొత్తేముంది?" అని ఉండేవాళ్లు. బామియాన్ బుద్ధులను 2001 మార్చిలో పేల్చేశాక, 2015లో ఒక రాత్రి ఆ ఖాళీ గూటిలో వెలుతురుతో బుద్ధుణ్ని నిలబెట్టారు. తెల్లారితే మళ్లీ గూడు ఖాళీ. పాల్మైరా తోరణాన్ని ఫొటోల ఆధారంతో మర దగ్గర చెక్కించి 2016 ఏప్రిల్‌లో లండన్ చౌరస్తాలో పెట్టారు. అప్పుడే కడిగిన సబ్బుబిళ్లలా ఉందన్నవాళ్లున్నారు. ఆ వెలుతురు బుద్ధుడి సంగతి మాత్రం చదువుతుంటేనే గుండె కలుక్కుమంటుంది నాకు. బుద్ధుడు ఉన్నాడని చెప్పడానికి వచ్చింది కాదు ఆ వెలుతురు. లేడని చెప్పడానికి వచ్చింది.

అయితే గుడికీ, మా పిల్ల బొమ్మకూ తేడా ఒకటుంది. గుడి ఎక్కడికీ పోదు. దాని అతుకు కనబడకపోయినా పూజారి నోట్లో ఉంటుంది, పక్కన టీకొట్టు ముసలాయన నోట్లో ఉంటుంది. అడిగితే చెబుతారు. కంప్యూటర్ బొమ్మ కదిలిపోతుంది. ఈ ఫోనులోంచి ఆ ఫోనులోకి, ఊరూ పేరూ రాలిపోయి, ఎవరు చేశారో ఎందుకు చేశారో రాలిపోయి, మొహం ఒక్కటే మిగిలి తిరుగుతుంది. కొన్నాళ్లకు దాన్ని ముందు చూసినవాళ్లెవరో అలంపురం వెళ్లి, "అయ్యో, చెయ్యి ఎవరో విరగ్గొట్టారే!" అంటారు. అప్పుడు రాయి అబద్ధమూ, మా పిల్ల పెట్టిన చెయ్యి నిజమూ అయి కూర్చుంటాయి. ఇప్పుడు ఆ శ్రమ కూడా అక్కర్లేదు. అడిగితే కంప్యూటరే చెయ్యి ఊహించి పెడుతుంది. లక్ష చేతులు చూసి, ఎవరిదీ కాని లక్షన్నొకటో చెయ్యి. దానికి వలపో, భక్తో తేల్చుకోవలసిన బాధ లేదు. మా పిల్లకా బాధ ఉంది. ఆమె భయమన్నది దీన్నేనని నా ఊహ. తప్పు మిగలని చోట ఒప్పుకు మాత్రం పూచీ ఎవరిది?

ఇంత తీరిగ్గా ఆమెను విచారిస్తున్నానే, నేను చేసే పనేమిటి? నవల రాయడమంటే చిల్లులు పూడ్చడమే కదా. సంస్థానాల కాలం కథ రాయాలని కూర్చుంటాను. ఫలానా పండితులు గద్వాలకు వచ్చారు, అవధానం చేశారు, ఇంత సన్మానం అందుకున్నారు అని కాగితం చెబుతుంది. విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు. ఆ పూట వాళ్లకు వండిపెట్టినామె రుబ్బురోలు దగ్గర కూర్చుని ఏమనుకుందో ఏ కాగితమూ చెప్పదు. అక్కడ నేనే చెయ్యి పెట్టాలి. పెడతాను. చదివినవాళ్లు ఉత్తరాలు రాస్తారు, "మా ముత్తవ్వ అచ్చం అట్లాగే ఉండేదండీ" అని. సంతోషిస్తాను. ఆమె ముత్తవ్వను నేను చూడలేదు, ఆమె కూడా చూసి ఉండదు. ఇప్పుడు వాళ్లింట్లో ముత్తవ్వ అంటే నేను పెట్టిన ముత్తవ్వే. నవల అని అట్టమీద రాసి ఉంటుంది కాబట్టి అది అతుకు కింద లెక్కేనని నా సమర్థన. కాని అట్ట చిరిగిపోయిన పుస్తకాలు ఎన్నిళ్లలో లేవు?

ఆమెకు ఒక సదుపాయం ఉంది, నాకు లేదు. ఆమె తన చేతికి వేరే రంగు వేయగలదు.

కాని రంగు దాకా రావడానికి ముందు ఇంకో గొడవ వచ్చింది, అది నాకు మరీ ముచ్చటగా అనిపించింది. బొమ్మ కదలాలంటే లోపల ఎముకలు, కీళ్లు పెట్టాలి. కీలుబొమ్మ అన్న మాట మనకుంది కదా. తోలుబొమ్మలాటలో చెయ్యి భుజం దగ్గరొకటి, మోచేతి దగ్గరొకటి ముక్కలుగా కోసి ముడులతో కట్టేది అందుకే. అతుకున్న చోటే బొమ్మకు ప్రాణం. కంప్యూటర్లో తయారుగా దొరికే ఎముకల గూడు మనిషిది. దాన్ని గంధర్వుడిలో పెట్టి మోచెయ్యి వంచితే చెయ్యి విరిగినట్టు వికారంగా వంగిందట. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఎందుకంటే ఆ శిల్పి మనిషి చెయ్యి చెక్కలేదు. ఏనుగు తొండం చెక్కాడు. మన శిల్పుల కొలతల్లో భుజానికి ఏనుగు కుంభస్థలం, చేతికి తొండం, వేళ్లకు చిక్కుడుకాయ ఉపమానాలు. అబనీంద్రనాథ్ ఠాగూరు ఈ పోలికలన్నీ బొమ్మలు వేసి వివరిస్తూ 1914లో చిన్న పుస్తకమే రాశారు. ఆ పుస్తకం కాలేజీ లైబ్రరీలో కనబడేదాకా పిల్ల కంప్యూటర్‌ను తిట్టుకుంటూ కూర్చుంది. తరవాత మోచెయ్యి తీసేసి, తొండానికున్నట్టు చిన్న చిన్న ఎముకలు గొలుసులా పేర్చింది. అప్పుడు చెయ్యి వంగింది. వంగితే ఎట్లా వంగిందంటారు! ఆ గోడ దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డానో, అది తొండమని నాకు తోచనే లేదు. కదిలిస్తేగాని తెలియలేదు. కనక ఆమె చేసింది వట్టి పూడ్చడం కాదని కూడా ఒప్పుకోవాలి. చేత్తో తడిమి తెలుసుకోవడంలో అదొక పద్ధతి.

బరువుదీ అదే తంతు. మొదట గంధర్వుడు ఎగరడం కాదు, బెలూన్‌లా తేలాడు. బరువున్నది ఎగిరితేనే ఎగరడం. అందుకని పిల్ల వనపర్తి మార్కెట్ యార్డుకు వెళ్లి రెండు పూటలు పల్లికాయ బస్తాలెత్తే హమాలీలను చూస్తూ కూర్చుంది. బస్తా భుజం మీద పడే ముందే మోకాలు వంగుతుందిట, పడ్డాక కాదు. ఒకాయన అడిగాడుట, "మా నడక తీస్కపొయి ఏం జేస్తవమ్మా?" అని. "గంధర్వునికి పెడత" అంటే ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడుట. ఆరు సెకన్ల బొమ్మ అది. సెకనుకు 24 చొప్పున 144 చిత్రాలు. అందులో ఒక్కొక్కటీ బస్తా కింద వంగిన మోకాలికి బాకీ. ఆయన పేరు చివర వేస్తానంది. వేసింది కూడా.

చివరికి చెయ్యి మాటకొస్తే, ఉంచింది. తీసేయలేదు. గంధర్వుడు ఒళ్లంతా అలంపురం రాతిరంగు, గరుకు, నాచు మరకలతో సహా. మణికట్టు నుంచి అవతల మాత్రం తడిమట్టి బూడిదరంగు. నాచు లేదు, గరుకు లేదు. ఆ చేతిమీద ఆమె బొటనవేలి ముద్ర కనబడుతుంది. చెయ్యిని విడిగా మట్టిలో చేసి, దాన్నే ఫొటోలు తీసి ఎక్కించిందిట. మాల కూడా మట్టిదే. అందులో ఒక పువ్వు చితికిపోయి ఉంటే అట్లాగే ఉంచేసింది. కంట్రోలు జెడ్డు నొక్కలేదు. సారు ఏమన్నారని అడిగితే, "ఏం అనలే, రెండోసారి పెట్టుమన్నడు" అంది. ఇంకా మాల ఆమెకే ఇస్తున్నాడు. దాన్ని మాత్రం మార్చనంది. నాకూ మార్చమనాలనిపించలేదు.

సంక్రాంతికి అమ్మకు మళ్లీ చూపించాం. అమ్మకు నచ్చలేదు.

"ఇదేంది, చేతికి సున్నం బూస్కున్నడా?"

"అది నేను పెట్టిన చెయ్యి అవ్వా. నాదని తెల్వాలె గద."

"నీదని తెలిస్తే ఏమొస్తదే? ఆయనదై ఉండాలె గాని."

దీనికి నేను మధ్యలో వెనిస్ సంగతి చెప్పబోయాను. అమ్మ వినలేదు. వినకపోవడం ఆమెకు కొత్తేం కాదు. "ఇంకొకపారి పెట్టు" అంది. పిల్ల పెట్టింది. జంట గోడలోంచి కదిలింది, పైబట్ట తేలింది, మట్టిచెయ్యి తొండంలా మెల్లగా వంగి మాలను ముందుకు చాచింది. అమ్మ గబుక్కున "ఆపు, ఆడనే ఆపు" అంది. పిల్ల ఆపింది. మాల ఇంకా ఆమె చేతికి అందలేదు.

"ఇట్లనే ఉంచు. ఇచ్చినంక ఏముంటది?" అంది అమ్మ, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ.